సింగన్న జాకెట్టు

సింగన్న అనే కుక్క ఒక దొడ్లో కోళ్ళకు కాపలా ఉండేవాడు. మొరగడంలో ఏ లోటూ చెయ్యడు గానీ, అతని తోక మాత్రం నక్కను చూసినా చుట్టాన్ని చూసినట్టే ఊగేది. ఆ తోకను చూసి నక్క నవ్వుకుంటూ వచ్చి కోడిపిల్లల్ని ఎత్తుకుపోయేది. ఇంకొక్క పిల్ల పోతే కాపలాకి బాతును పెట్టుకుంటామని కోళ్ళు తేల్చేశాయి.

జాకెట్టు వేసుకుంటే కాస్త దర్జా వస్తుందనుకుని సింగన్న బట్టలు కుట్టే గిజిగాడికి కబురుపెట్టాడు.

"జాకెట్టా? మరి చీరెప్పుడు కొన్నావయ్యా?" అంది చుక్కలపెట్ట.

గిజిగాడు రెండు జాకెట్లు తెచ్చాడు. మొదటిది నడుము దాకా చక్కగా అతికింది. "పెళ్ళికొడుకులా ఉన్నావు బావా!" అంది కంచె అవతల నుంచి నక్క. తోక ఊగింది. నక్క ఒక కాలు ఇవతల పెట్టింది.

సింగన్న గబగబా రెండోది తొడుక్కున్నాడు. అది గోనెసంచిలా తోకను కూడా మింగేసింది. కోళ్ళు పకపకా నవ్వాయి. నక్క మాత్రం నవ్వలేదు. అటు వంగి చూసింది, ఇటు వంగి చూసింది, తోక కనబడలేదు. "ఇవాళ వీడికి నిజంగానే కోపమొచ్చింది" అని పరుగు లంకించుకుంది.

"ఇదే ఉంచు" అన్నాడు సింగన్న.

"ఎంత గొప్పవాడివయ్యా!" అంది పెట్ట. అంతే, వెనక కుట్టు పర్రున పిగిలిపోయింది.

గిజిగాడు మళ్ళీ కుట్టాడు. అప్పటినుంచి సింగన్నను ఎవరూ మెచ్చుకోరు. "పనికిమాలినోడా!" అని పెట్ట పొద్దున్నే తిడుతుంది. అది తన మేలు కోసమేనని సింగన్నకు తెలుసు. గుర్తొచ్చినప్పుడల్లా వెనక కుట్టు కాస్త కదులుతుంది.