తాడు, పాము, వెంకటశేషమ్మ

“ఈ కుర్చీని ఎవురు జరిపినారు?”

సుప్రియ చీపురు ఆపింది. “నేనే అత్తా. ఊడ్చేదానికి జానెడు జరిపినా.”

“ఊడ్చినాక మళ్లీ పెట్టొద్దా? ఎక్కడిది అక్కడుండాలని ఎన్నిసార్లు చెప్పేది?”

“జానెడు జరిగితే కొంప మునుగుతుందా?”

“మునుగుతుంది,” అంటూ వెంకటశేషమ్మ కుర్చీని గోడకు ఆనించింది.

వరండా మెట్టు మీద కూర్చున్న మామ చెంచురామయ్య నవ్వాడు. “కుర్చీ లేదు, జానెడూ లేదు. ఉన్నది ఒక్కటే. రెండుగా కనిపించేదంతా మాయ.”

“రెండు లేకుంటే మీకు అన్నం ఎవురు పెడతారు?” అంది అత్త.

రోజూ ఉండే వాదమే. సాయంత్రమైతే ఆయన మోపెడ్ మీద మైపాడు గుడికి పోయి, పుస్తకం తెరవకుండానే గంటసేపు వేదాంతం చెప్పి వస్తాడు. వెనక సీట్లో ఆమె. గుంట, బర్రె, లారీ అంటూ పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నోరు మూయదు. ఆ నస ఆయన ఎట్లా ఓర్చుకుంటాడోనని సుప్రియకు ఆశ్చర్యం.

ఈ వారం మాత్రం ఆశ్చర్యం పోయి భయం పట్టుకుంది. సోమవారం పాలు పొంగి పొయ్యి ఆరిపోయి, ఇల్లంతా గ్యాసు వాసన. అత్త పక్కనే నిలబడి వరండా వైపు చూస్తా ఉంది. గురువారం ఆమె కొంగు అంచు అంటుకుంటే సుప్రియే చెంబుడు నీళ్లు గుమ్మరించింది. రెండుసార్లూ ఒకటే మాట: “చూసుకోలేదమ్మా.”

శనివారం మామ బండి దగ్గరికి నడుస్తుంటే అత్త కేక పెట్టింది. “ఆగండి, పాము!”

ఆయన ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. సుప్రియ కర్ర తీసుకొని పరుగెత్తింది. ఆయన కాలికి అడుగు దూరంలో, రొయ్యల గుంట నుంచి తన భర్త పెంచల్ తెచ్చి పడేసిన నైలాను తాడు. ఎండలో ఆకుపచ్చగా మెరిసిపోతా ఉంది.

“తాడే మామా.”

ఆయన పెద్దగా నవ్వాడు. “ముప్ఫయ్యేళ్లుగా నేను చెప్పేది ఇదే. తాడును చూసి పామనుకోవడం. ఉదాహరణ ఇంట్లోనే ఉంది.”

వెంకటశేషమ్మ తల వంచుకుంది. “పామనుకున్నా,” అంటూ చెమట తుడుచుకుంది.

ఆ రాత్రి సుప్రియ భర్తతో చెప్పింది. “మీ అమ్మకు చూపు పోతా ఉంది. అడిగితే ఒప్పుకోదు. ఈసారి కొంగంతా అంటుకుంటే?”

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ అన్నానికి కూర్చున్నారు. “పప్పు ఎడంపక్క, ఊరగాయ కుడిపక్క,” అని ఎప్పటిలాగే చెప్తూ మామకు వడ్డించింది అత్త.

పెంచల్ గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, రేపు నెల్లూరులో కంటి డాక్టరుకు చూపిస్తా. ఇంక నువ్వు పొయ్యి ముట్టుకోవద్దు. బండి కూడా ఎక్కొద్దు.”

“పొయ్యి సరే. బండెందుకు?”

“తాడుకూ పాముకూ తేడా తెలియని మనిషివి, దారిలో పడిపోతే? చూపు సరిగా లేనోళ్లు ఈ ఇంట్లో రోడ్డెక్కేది లేదు. మైపాడుకు నాయన ఒక్కడే పోతాడు.”

చెంచురామయ్య నోటి దాకా వచ్చిన ముద్ద అక్కడే ఆగింది. ఈసారి నవ్వలేదు.

వెంకటశేషమ్మ నీళ్ల గ్లాసు తీసి ఆయన ఎడమ చేతిలో పెట్టింది. వేళ్లు దాని చుట్టూ బిగుసుకున్న దాకా వదల్లేదు. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

“మరి ఆయనకు రోడ్డెవురు చెప్తారు?”