గీత లేవని ఇల్లు

వంశీకృష్ణకు దొంగతనానికి మారుతాళాలు అక్కర్లేదు. ఫోను చాలు.

మైలాపూరులోని వెంకటసుబ్బారావు గారి ఇల్లు ఆ ఫోనులో ఒక గీత. ఆ మేడ మీద సోలార్ ప్యానెళ్ళు బిగించిందీ, ఇంట్లో బ్యాటరీ పెట్టిందీ వంశీయే. ఇంట్లో ఎంత కరెంటు ఖర్చవుతోందో గీతగా చూపించే యాప్ కూడా తనే పెట్టిచ్చాడు. పాస్‌వర్డు ఏం పెట్టమంటారని అడిగితే ఇల్లాలు దమయంతి చెయ్యి ఊపేసింది.

"అదంతా మాకేం తెలుస్తాది నాయనా. నువ్వే ఏదో ఒకటి పెట్టి నీకాడే ఉంచుకో. మన తెలుగుబిడ్డవే కదా!"

మద్రాసులో తరాలుగా ఉన్న తెలుగువాళ్ళతో ఇదే సుఖం. గుంటూరు నుంచి వచ్చానంటే చాలు, కాఫీతో పాటు పాస్‌వర్డు కూడా చేతిలో పెడతారు.

గీత చదవడంలో వంశీ చెయ్యి తిరిగినవాడు. పొద్దున్నే నిటారుగా లేచిందంటే గీజరు. కాసేపు వణికిందంటే ఇడ్లీ పిండికి గ్రైండరు. రాత్రంతా దిగకుండా ఉందంటే ఏసీ. ఎక్కడా లేవకుండా నేలబారుగా పాకుతోందంటే మాత్రం, ఫ్రిజ్ తప్ప ఏదీ నడవడం లేదని, అంటే ఇల్లు ఖాళీ అని. ఆమధ్య చూలై పేటలో, అతనే సోలార్ పెట్టిన ఇంటావిడ హైమ పక్కింటివాళ్ళకు కూడా చెప్పకుండా తిరుపతి వెళ్ళింది. గీత మాత్రం వంశీకి చెప్పేసింది. ఆవిడ గాజులు, చంద్రహారం ఏ గొడవా లేకుండా అతని సంచిలోకి వచ్చాయి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మేడమీది దొంగకైతే చుట్టుపక్కలవాళ్ళు నిచ్చెన పట్టుకుని మరీ సాయం చేస్తారు.

ఇప్పుడు మైలాపూరు గీత పడుకుంది. మొన్నటి నుంచీ లేవలేదు. అదీ మే నెల కత్తిరి ఎండల్లో! కత్తిరి రోజుల్లో ఫ్యాను లేకుండా చెన్నైలో మనిషన్నవాడు కూర్చోలేడు. గుళ్ళో దేవుడికే ఫ్యాను పెడతారు. కాబట్టి ఆ ఇంట్లో నరమానవుడు లేడు. ఇందులో ఇంక అనుమానం లేదు.

పైగా ఆ ఇంటి బీరువా సంగతి అతనికి తెలుసు. బ్యాటరీ పెట్టేందుకు దాన్ని పక్కకు జరపాల్సి వచ్చింది. బరువు తగ్గుతుందని దమయంతి నగలపెట్టె తీసి, అతని కళ్ళముందే తెరిచి చూసుకుని, మంచం మీద పెట్టింది. అందులో వడ్డాణం ఉంది. అప్పటి నుంచీ వంశీకి అన్నం సయించలేదు, పాపం.

మిట్టమధ్యాహ్నం నీలం చొక్కా, టోపీ వేసుకుని, నిచ్చెన, బకెట్, పనిముట్ల సంచి పట్టుకుని వచ్చాడు. బెల్ కొట్టాడు. ఎవరూ రాలేదు. గోడకు నిచ్చెన వేసి దర్జాగా మేడెక్కాడు. తలుపు సందులోంచి ఇనుపపట్టీ దూర్చి లోపలి గడియ లేపాడు. ఆ గడియ వదులని బ్యాటరీ వైరు లాగినప్పుడే చూసుకున్నాడు.

మెట్లు దిగి హాల్లో అడుగు పెట్టాడు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. లోపల ఇడ్లీపాత్రలా ఉంది.

"ఎవురూ, వంశీనా? రా నాయనా, కూచో."

వంశీ పైప్రాణాలు పైనే పోయాయి. దమయంతి చాప మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. కట్టుకున్న చీర చెమటకు తడిసి ముద్దయింది.

"పిన్నిగారూ! మీరు... ఊళ్ళోనే ఉన్నారా?"

"యాడికి పోతాం ఈ ఎండలో? ఆయన మాత్రం మా తమ్ముడింట్లో ఏసీ ఉండాదని అంబత్తూరు పోయినారు. నువ్వెట్టొచ్చినావు?"

"ప్యానెళ్ళు కడుగుదామని వచ్చానండీ. ఫ్రీ సర్వీసు. బెల్ కొడితే ఎవరూ రాలేదు. మేడ మీద తలుపు తీసి ఉంటే..."

"తీసే ఉండిందా? గడియ పెట్టినట్టే గుర్తు. వయసైపోతా ఉండాది పో."

వంశీకి ప్రాణం లేచొచ్చింది. ఇనుపపట్టీని మెల్లగా సంచిలోకి తోసేసి కూర్చున్నాడు.

"మరి ఫ్యాను వేసుకోలేదేంటండీ? ఈ ఉక్కలో ఏమైపోతారు!"

"బ్యాటరీ అయిపోతాదని నాయనా. ఆశపడి పెట్టించుకుంటిమి. నిండుగా ఉంటేనే చూసేదానికి బాగుంటాది."

వంశీ నవ్వాపుకోలేక దగ్గాడు. ఈవిడ పిసినారితనానికా తన గుండె ఆగబోయింది! కసికొద్దీ పాఠం చెప్పాడు.

"దాచుకోడానికి బ్యాటరీ ఏమన్నా ఆవకాయ జాడీనా పిన్నిగారూ? పగలు ఎండకు నిండుతుంది, రాత్రి వాడుకోవాలి. తెల్లారితే మళ్ళీ ఎండ, మళ్ళీ నిండుతుంది. అయినా ఇప్పుడు పట్టపగలు. ఫ్యాను వేస్తే పైనున్న ఎండే తిప్పుతుంది. బ్యాటరీ జోలికే పోదు."

"అట్టనా! ఇది మా హైమక్కూడా చెప్పాల."

"ఏ... ఏ హైమ గారు?"

"చూలై హైమ. మా పిన్నమ్మ కూతురు. దానింటికీ నువ్వే కదా సోలారు పెట్టింది? తిరపతికి పోతా పక్కింటోళ్ళకి కూడా చెప్పలా, పాపం. మరి ఇల్లు కాళీ అని ఎవురికి తెలిసిందబ్బా అని మేమిద్దురం కూచోని ఒకటే ఆలోచన."

వంశీ సంచి అందుకుని లేచాడు.

"నేను... ప్యానెళ్ళు కడిగేసి వస్తానండీ."

"ఉండు నాయనా, ఏం తొందర? ఇంక ఫ్యాను వేసుకోవచ్చు కదా?"

"వే... వేసుకోండి."

దమయంతి విసనకర్ర పక్కన పెట్టి, వంటింటి వైపు తిరిగింది.

"ఎస్సై గారూ, ఇంక ఫ్యాను వేసుకోవచ్చంట. ఫోన్లో గీత లేస్తాదని మొన్నటి నుంచీ ఆ వంటింట్లో ఉడికిపోతా ఉండారు, బయటికి రాండి!"