పటం మీద ఎరుపు

"ఆ ఎరుపును పసుపు చేసెయ్యమ్మా. అందరికీ పని తేలికవుతుంది," అన్నాడు పర్యాటక కమిటీ పెద్దాయన హిందీలో, బల్ల మీద పరిచిన పటాన్ని వేలితో తడుతూ.

సూరత్ తీరంలో పర్యాటకుల గదులు ఎక్కడ కడితే సముద్రానికీ, అక్కడి జాలర్లకూ చేటు జరగదో తేల్చి చెప్పడం హారతి పని. నెల రోజులు ఇల్లు పట్టకుండా ఒడ్డున తిరిగింది. ముప్పై ఏళ్ల ఉపగ్రహ చిత్రాలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. కమిటీ మనసుపడ్డ మొదటి చోటును సముద్రం ఏటా కొంచెం కొంచెంగా మింగేస్తోంది. అందుకే అక్కడ కట్టకూడదని ఎరుపు వేసింది; పసుపైతే జాగ్రత్తలతో కట్టుకోవచ్చని అర్థం. మడచెట్ల వెనక కాస్త మెరకగా ఉన్న మూడో చోటుకు ఆకుపచ్చ వేసింది.

"పది నిమిషాలు బయట కూర్చుని ఆలోచించుకో. పసుపైతే సంతకాలు పెట్టేస్తాం. కాదంటే పటం ఇంకెవరి చేతనైనా గీయించుకుంటాం."

ఆమె ఆ అద్దాల గదిలోంచి బయటికి వచ్చింది. గదికి ఇరవై అడుగుల అవతల బెంచీ మీద ఆమె తండ్రి బక్కయ్య కూర్చుని ఉన్నాడు. సూరత్‌లోని పర్వత్ పాటియా పేటలో ఆయన నడిపే మరమగ్గాలకు ఆ రోజు సెలవు. పటాల చుట్ట మోయడానికి తోడొచ్చాడు. పొద్దున బయల్దేరేటప్పుడు ఎప్పుడూ లేనిది స్కూటర్ తాళం ఆమెకే ఇచ్చి, "నువ్వే నడుపు బిడ్డా, చేతుల వణుకు పోతది," అన్నాడు.

"ఏమన్నరు బిడ్డా?" అని అరిచాడిప్పుడు. మగ్గాల మోతలో బతికిన మనిషికి మెల్లగా మాట్లాడటం చేతకాదు.

"మెల్లగ బాపూ! రంగు మార్చుమంటున్నరు."

"మారుస్తవా?"

హారతి ఆయన పక్కన కూర్చుంది. రెండేళ్ల కింద ఇంకోచోట ఇలాగే ఒత్తిడి చేస్తే మార్చింది. ఆ వానాకాలమే అక్కడి కొత్త ప్రహరీ సముద్రంలో కలిసిపోయింది. అప్పుడు గోడ పక్కన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు కట్టబోయేవి మనుషులు పడుకునే గదులు. కానీ మార్చనంటే ఉద్యోగమే ఉండకపోవచ్చు.

"గడియారంల ఎంతయింది?" అన్నాడు బక్కయ్య.

గడియారం ఎదుటి గోడ మీదే ఉంది. పాపం, ఈయనకూ కంగారు పట్టుకుంది అనుకుంది హారతి. "పన్నెండున్నర బాపూ. ఇంక ఐదు నిమిషాలే."

అద్దాల గదిలో నోళ్లు కదులుతున్నాయి, మాట మాత్రం వినబడటం లేదు. ఉన్నట్టుండి ఆమెకో ఆలోచన వచ్చింది.

"బాపూ! నీకు పెదవులు చదువొస్తది గద! వాళ్లు ఏమనుకుంటున్నరో జర చూడవా?"

కార్ఖానాలో ఒకరి మాట ఒకరికి వినబడదు. ఈ కొస నుంచి ఆ కొసకు పెదవులతోనే కబుర్లు నడుస్తాయి. అందులో బక్కయ్యను మించినవాడు లేడని పేరు. ఆయనున్న చోట ఆమె తల్లి రాజమ్మ లోలోపల గొణుక్కోవడానికి కూడా వీల్లేకపోయేది.

బక్కయ్య కళ్లు చికిలించి అద్దాల గది వైపు చూశాడు.

"ఆ పెద్దసారు అంటున్నడు... పోరి చెప్పింది సహీ ఉన్నది, అని."

"నిజంగనా?"

"జర ఆగు. రంగు మార్చుమన్నది ఉత్తగనే అట. గట్టిగ నిలబడ్తదా, బెదురుతదా చూద్దామంటున్నడు."

హారతి గుండెల మీద నుంచి బరువు దిగింది. లేచి, చున్నీ సర్దుకుని, తిన్నగా లోపలికి నడిచింది.

"మార్చను సార్. కావాలంటే పటం మీద నా పేరు కొట్టేయండి. రంగు మాత్రం ఎరుపే." ఒక్కొక్క చిత్రమూ తీసి ముందు పెట్టింది. "అప్పుడు ఒడ్డు ఇక్కడుంది. ఇప్పుడు ఇక్కడికొచ్చింది. ఇంకో పదేళ్లకు మీరు కట్టే గదుల్లో చేపలు కాపురం చేస్తాయి."

పెద్దాయన మొహం చిట్లించాడు. చిత్రాలను ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడు. పక్కవాళ్లతో ఏదో అన్నాడు. చివరికి ఓ నిట్టూర్పు విడిచాడు.

"సరే, మూడో చోటే రాయండి."

తిరుగుదారిలో ఓ కొట్టు దగ్గర ఆగి వేడి వేడి శనగపిండి లోచో తింటూ హారతి నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేకపోయింది.

"నువ్వు వాళ్ల పెదవులు చదవకుంటే పసుపు చేసేదాన్నే బాపూ."

నోట్లో ముద్ద ఉన్నట్టు బక్కయ్య తల మాత్రం ఊపాడు.

ఇంటి గడప దగ్గర రాజమ్మ ఎదురొచ్చింది. కూతురి ముఖం చూడగానే పని అయిందని ఆమెకు అర్థమైంది. ఆ సంతోషంలోనే చేతిలోని చిన్న పెట్టె తెరిచి, కొత్త కళ్లజోడు తీసి మొగుడి ముక్కు మీద పెట్టింది.

"ఇగనన్న పది అడుగుల అవతలి మనిషి ముఖం ఆన్తది నీకు!"