మూడుముళ్ల డిస్కు

“ముందు నా డిస్కే ఆడాల!” అన్నాడు పెళ్లికూతురి తండ్రి సంజీవయ్య, టీవీకి అడ్డంగా నిలబడి.

“ఇల్లు నాది, టీవీ నాది. నీ డిస్కు ముందెట్లా ఆడుతాది బావా?” అన్నాడు రంగయ్య.

వియ్యంకులిద్దరికీ పెళ్లినాడు కూడా ఇంత పేచీ రాలేదు. ఆళ్లగడ్డలో పెళ్లై పదహారు రోజులు. ఆ పొద్దు నంద్యాలలో పెళ్లికొడుకు ఇంట పదహారు రోజుల పండగ. పెళ్లికూతురు వందన మెడలో పాత పసుపుతాడు తీసి కొత్తది మార్చాలి. ఆ సంగతి గాలికొదిలేసి పెద్దమనుషులు డిస్కుల మీద పడ్డారు.

హెచ్‌డీ డీవీడీ గొప్పదా, బ్లూరే గొప్పదా అని కొత్త రకం డిస్కుల కోసం లోకమంతా కొట్టుకుంటున్న రోజులవి. మనవాళ్లు మాత్రం ఊరుకుంటారా? ఆడపెళ్లివాళ్ల వీడియో మనిషి ప్రేమ్ సాగర్‌ది హెచ్‌డీ డీవీడీ. మగపెళ్లివాళ్ల మనిషి ఇమ్రాన్‌ది బ్లూరే. రెండింట్లోనూ బొమ్మ అద్దంలో చూసినట్టే ఉంటుంది. కాకపోతే దీని డిస్కు దాని మిషన్‌లో ఆడదు. అందుకని ఇద్దరూ భుజాన కెమెరా, చంకలో ఎవరి మిషన్ వాళ్లు పెట్టుకొని దిగారు.

“ఎవునిదో ఒకనిది బేగా పెట్టండ్రా! నేను పోయినాక పెడ్తారా ఏం?” అని మంచం మీంచి అరిచింది ఆదిలక్ష్మమ్మ.

ఆమె రంగయ్య తల్లి. పెళ్లికి నాలుగు రోజుల ముందు బాత్‌రూంలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. చంకనెత్తుకొని పెంచిన మనవడు రాజశేఖర్ తాళి కడుతుంటే చూడలేకపోయానన్న దిగులు. అప్పటినుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. ఆ మూడుముళ్లు చూస్తే చాలు, ఇంకేమీ వద్దంటుంది.

“సరే, నీదే పెట్టుకో బావా. మళ్లీ సిగ్గుపడొద్దు” అని రంగయ్య పక్కకు జరిగాడు.

ప్రేమ్ సాగర్ డిస్కు వేశాడు. అబ్బో, ఏం బొమ్మ! తమలపాకుల ఈనెలు లెక్కపెట్టుకోవచ్చు.

“ఓయమ్మా! మా రంగని చెవుల్లో ఎంటికలు గూడా కనపడ్తాండాయే!” అని అవ్వ మురిసిపోయింది. సంజీవయ్య మీసం దువ్వుకున్నాడు.

గట్టిమేళం మోగింది. అక్షింతలు లేచాయి. రాజశేఖర్ తాళి ఎత్తాడు. అంతే, టీవీ నిండా గళ్ల చొక్కా. కాలరు కింద చెమటబొట్టు పుట్టి, మెల్లగా జారి, నడుందాకా పోయింది. చొక్కా తప్పుకునేసరికి తాళి మెడలో ఉంది. పెద్దలు దీవించడం కూడా అయిపోయింది.

“యాడ కట్నాడ్రా? ఆ చొక్కాయప్ప ఎవురు?” అంది అవ్వ.

“మన ఇమ్రాన్ గాదూ!” రంగయ్య పగలబడి నవ్వాడు. “ఇంత పెద్ద మిషన్ తెచ్చి మావాని వీపు తీపిచ్చినావు గదా బావా!”

“నేనేం జేసేది? సరిగ్గా ముడేసేటప్పుడు వచ్చి ముందర నిలబడ్నాడు” అన్నాడు ప్రేమ్ సాగర్.

“అట్లా నిలబడ్తేనే కదప్పా బొమ్మ వచ్చేది! బ్లూరేలో చూడండి, ఒక్కొక్క ముడి ఎట్లా కనపడ్తాదో” అంటూ ఇమ్రాన్ తన డిస్కు తోశాడు.

ఇందులో బొమ్మ ఇంకా మిలమిలలాడింది. మేళం మోగింది. తాళి లేచింది. ఈసారి టీవీ నిండా ఎర్ర టీషర్టు! దాని వెనకాల పెద్ద పెద్ద అక్షరాలు: ‘ప్రేమ్ సాగర్ వీడియోస్, ఆళ్లగడ్డ. పెండ్లిండ్లకు, పుట్టువెంట్రుకలకు సంప్రదించండి.’ కింద సెల్ నంబరు. పది అంకెల్లో ఒక్కటి కూడా మసక లేదు.

“ఏందీ, నీ దుడ్లతో మావానికి అడ్వర్టైజ్‌మెంట్ తీపిచ్చినావా బావా?” ఈసారి పగలబడి నవ్వడం సంజీవయ్య వంతైంది.

“నీ మనిషే అడ్డమొచ్చినాడు!”

“అడ్డమొచ్చింది నీ మనిషి!”

వీడియో మనుషులిద్దరూ అప్పటికే ఒకరి కాలరు ఒకరు పట్టుకున్నారు.

“ఇన్ని మిషన్లు పెట్టి, ఇంతమంది ఉండి, ముసిల్దానికి ఒక్క ముడి సూపియ్యలేకపోతిరి గదరా” అంటూ అవ్వ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చేసింది.

అందరికీ తల కొట్టేసినట్టయింది. కాలర్లు వదిలారు.

వందన వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. “ఏడ్సద్దు అవ్వా. ఈ పొద్దు ఎట్లాగూ తాడు మార్చాల్సిందే కదా. అదేదో నీ కండ్ల ముందరే కట్టించుకుంటా. మూడు ముళ్లూ నీ మనవడే ఏస్తాడు. ఇంగ డిస్కులెందుకు?”

“బంగారట్లాంటి మాట అన్నావు తల్లీ!” అన్నాడు రంగయ్య. సంజీవయ్య కూడా అవునన్నాడు. వియ్యంకులిద్దరూ ఒక మాట మీదికి రావడం పదహారు రోజుల్లో అదే మొదటిసారి.

మంచానికి ఎదురుగా పీటలు వేశారు. అవ్వ వీపు వెనక రెండు దిండ్లు పెట్టి లేపి కూర్చోబెట్టారు. ఆమె కళ్లజోడు తుడుచుకొని, ముఖం ఇంత చేసుకొని, గుప్పిట్లో అక్షింతలు పట్టుకుంది. రాజశేఖర్ కొత్త పసుపుతాడు రెండు చేతులా ఎత్తి వందన మెడ చుట్టూ వేశాడు. ఇమ్రాన్ కెమెరా ఎత్తుకొని చటుక్కున ముందుకురికాడు. ప్రేమ్ సాగర్ ఊరుకుంటాడా? తనూ ఉరికాడు.

అవ్వ ఎడమకు వంగింది, కుడికి వంగింది. ఆఖరికి అక్షింతలు ఒళ్లో పోసుకొని అంది:

“ఇది మూడో డిస్కా నాయనా? ఇదే నయం, రెండు వీపులూ ఒకేసారి కనపడ్తాండాయి!”