పోపికి తోడు

“కాస్త నవ్వరా సరాండిస్! పాడె మోసేవాడిలా ఆ మొహమేమిటి?” అన్నారు ఫాదర్ థోమాస్.

సరాండిస్ నవ్వాడు. లారీలు కూడా ఎక్కే పెద్ద పడవ రేవుకు ఆనుకుని ఇనుప తలుపు దబ్బున కిందికి దించింది. మొదట కూరగాయల లారీ దిగింది. దాని వెనక ఒక మొగుడూ పెళ్లాం, ముగ్గురు పిల్లలు. ఒకరూ ఇద్దరూ కాదు, ముగ్గురు! ఫాదర్ శిలువ గుర్తు వేసుకున్నారు.

“ముగ్గురూ బడీడు వాళ్లే. దేవుడే పంపాడనుకో. పోతూ పోతూ మీ నాన్న నీచేత వేయించుకున్న ఒట్టు గుర్తుందిగా?”

“మీరు మరిచిపోనిస్తేగా! నా మూలాన బడికి తాళం పడదు, ఫాదర్.”

చలికాలంలో నలభైమంది కూడా మిగలని దీవి అది. బడిలో చదివేది ఒకే ఒక్క పిల్ల, సరాండిస్ కూతురు పోపి. ఎనిమిదేళ్లది. పిల్ల ఉంటేనే టీచరమ్మ ఉంటుంది, టీచరమ్మ ఉంటేనే దీన్ని ఊరంటారు. లేకపోతే వారానికి వచ్చే రెండు పడవలూ ఏ ముసలాళ్ల కోసం వస్తాయి? అందుకే సెలవులకు ఏ కుటుంబం దిగినా సరాండిస్ ఎదురెళ్లి సామాను అందుకుంటాడు. అరచేతిలో వైకుంఠం చూపిస్తాడు. అయిదు వేసవులుగా ఇదే పని. వచ్చినవాళ్లు ఇక్కడే ఉండిపోతే ఎంత బావుండునో అంటారు, రేవులో కళ్లు తుడుచుకుంటారు, పడవ ఎక్కుతారు. క్రిస్మస్‌కు ఒక కార్డు వస్తుంది. మనుషులు మాత్రం రారు.

ఈసారి వచ్చినవాళ్లది ఏథెన్స్. ఆయన పేరు ఆరిస్, ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఇళ్ల ప్లాన్లు గీస్తాడట. భార్య పేరు దెస్పినా. సరాండిస్ వాళ్లను తను అద్దెకిచ్చే, సముద్రం కనిపించే ఇంట్లో దింపి, తన భార్య ఫొటీని చేసిన చీజు రొట్టెలు ముందు పెట్టి, ఏటా పాడే పాట ఎత్తుకున్నాడు.

“ఇక్కడ తలుపుకు తాళం వెయ్యక్కర్లేదమ్మా. పిల్లలెక్కడని వెతుక్కోనక్కర్లేదు. ఆకలేస్తే ఏ ఇంట్లో దూరినా పెడతారు.”

“మరి చలికాలం ఎలా ఉంటుందన్నా?” అంది దెస్పినా.

సరాండిస్ రొట్టెల పళ్లెం ఆమె ముందుకు జరిపాడు. పోయిన జనవరిలో పోపికి కడుపునొప్పి వచ్చింది. సముద్రం అల్లకల్లోలంగా ఉంది, పడవల్లేవు, డాక్టరేమో పక్క దీవిలో. పిల్ల మెలికలు తిరిగిపోతుంటే రెండు రోజులు చేతులు పిసుక్కుంటూ కూర్చున్నారు. చివరికి కోస్టుగార్డు పడవ ప్రాణాలకు తెగించి వచ్చి తీసుకెళ్లింది. ఇంకో గంట ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదన్నారు ఆసుపత్రిలో.

“ప్రశాంతంగా ఉంటుందమ్మా,” అన్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

పోపి ఇన్నాళ్లూ దాగుడుమూతలు ఒక్కతే ఆడేది. తనే అంకెలు లెక్కపెట్టి, తనే పరిగెత్తి దాక్కుని, ఎవరూ వెతకరు కనుక కాసేపటికి తనే బయటికొచ్చేది. అలాంటిది ఇప్పుడు ఆ ముగ్గురినీ వెంటేసుకుని ఊరంతా చుట్టేస్తోంది. చూసి సంతోషించాల్సింది పోయి, ఫొటీని గుమ్మంలో నిలబడి పెదవి కొరుక్కుంటోంది.

“ఉంటామని ఏమన్నా అన్నారా?” అని సాయంత్రం కాగానే మొగుణ్ని అడిగేది.

“నోరు విప్పలేదు.”

“వీళ్లూ పోతారు. ఇంకో చలికాలం ఇక్కడే. మన రాత ఇంతే.”

ఇదివరకు ఈ మాటతోపాటు ఒక ఏడుపు కూడా ఉండేది. ఈ ఏడాది ఫొటీని ఏడవడం కూడా మానేసింది. సరాండిస్‌కు అదే ఎక్కువ భయంగా ఉంది.

ఆగస్టు చివరి శుక్రవారం పెట్టెలు రేవుకు దిగాయి. ఫాదర్ చర్చి గోడ దగ్గరే ఆగిపోయారు, కిందికి రాలేదు. సరాండిస్ రెండు చేతులా పెట్టెలు పట్టుకుని నడుస్తున్నాడు. పడవ దగ్గర పడేసరికి ఇన్నేళ్లలో ఎవరి ముందూ అనని మాట అనేశాడు.

“అమ్మా, ఒక్క ఏడాది ఉండి చూడండి. ఇల్లు ఊరికే ఇస్తాను. చలికాలానికి కట్టెలు కొట్టి పేరుస్తాను. నీ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను, వెళ్లొద్దు.”

సిగ్గుతో తల వంచుకున్నాడు.

“చెప్పెయ్యవే, పాపం! ఏడిపించింది చాలు,” అన్నాడు ఆరిస్.

దెస్పినా నవ్వేసింది. “మేమెక్కడికి పోతున్నామన్నా? ఈయనొక్కడే వెళ్లి మా సామాను తెస్తాడు. నువ్వు మోస్తున్నవి ఖాళీ పెట్టెలు, తెలియట్లేదా? పొద్దున్నే టీచరమ్మ దగ్గర ముగ్గురి పేర్లూ రాయించేశాను.”

సరాండిస్ చేతుల్లోని పెట్టెలు ఎత్తి చూశాడు, నిజంగానే ఖాళీవి. ఆరిస్ పైకి కేకేసి చెప్పగానే ఫాదర్ మెట్లు దిగి పరిగెత్తుకొచ్చి అతన్ని కావలించుకున్నారు.

“నెగ్గావురా! మీ నాన్నకిచ్చిన మాట తీరిపోయింది. ఈ ఊరికి మళ్లీ ప్రాణం పోశావు!”

సరాండిస్ బడికి వెళ్లి టీచరమ్మ పుస్తకంలో ఆ మూడు పేర్లూ తన కళ్లతో చదువుకుని, వంద మెట్లూ ఆగకుండా ఎక్కి ఇంటికొచ్చాడు. ఫొటీని బట్టలు ఆరేస్తోంది. అతన్ని చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

“పోయారా?”

“ఉంటున్నారు. పిల్లల్ని బడిలో చేర్పించేశారు.”

“ఒట్టు?”

“నా కళ్లతో చూసొచ్చాను.”

ఫొటీని అక్కడికక్కడే మెట్టు మీద కూలబడి, తడి చొక్కా మొహానికి అదుముకుని వెక్కి వెక్కి ఏడ్చింది. సరాండిస్ పక్కన కూర్చుని వీపు నిమిరాడు. కింద రేవు దగ్గర నలుగురు పిల్లల కేకలు వినబడుతున్నాయి. చాలాసేపటికి ఆమె తలెత్తింది.

“అయితే ఇక మనం వెళ్లిపోవచ్చు,” అంది.