ఎదురింటి కుండీ

"ఏవండీ! ఇటు రండి! మనకెవరో ఏదో చేసేశారండీ!"

రత్నమాల కేకకు యజ్ఞనారాయణ నోట్లో బ్రష్షుతోనే గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాడు. నిజాంపేటలోని ఆ అపార్ట్‌మెంటు ఐదో అంతస్తులో, కారిడార్‌లో ఎండ పడేచోట రత్నమాల అరటి కుండీ ఉంది. కాయల కోసం పెంచేది కాదు, అందం కోసం పెంచేది. గులాబీరంగు పువ్వు వేస్తుందని నర్సరీవాడు ఊరించి మరీ అంటగట్టాడు. ఇప్పుడా మొక్క మొదట్లో దోసెడు నల్లటి పొడి పోసి ఉంది. దాని మీద వేళ్లతో సహా పీకిన బంతి మొక్కలు పూలతోనే పడి ఉన్నాయి.

"ఇవాళ అమావాస్య కూడానండీ," అంది రత్నమాల గొంతు తగ్గించి.

యజ్ఞనారాయణ నురగ మింగేశాడు. "ఎరువేమోనే."

"అడక్కుండా వచ్చి ఎరువు వేసిపోయే పుణ్యాత్ములు ఈ హైదరాబాదులో ఎవరున్నారండీ?"

ఆవిడ చూపు ఎదురు ఫ్లాటు మీదికి పోయింది. మాదాపూర్‌లో ఓ ఆసుపత్రిలో నర్సుగా చేసే లీదియా ఉండేది అక్కడే. ఆ గుమ్మం పక్కనా అచ్చం అలాంటి అరటే. రెండూ ఒకే ఆటో ట్రాలీలో వచ్చాయి. మొన్నమొన్నటి దాకా రెండిళ్ల మధ్య కూరగిన్నెలు తిరిగేవి. ఒకనాడు లీదియా డ్యూటీకి పోతూ ఆగి, రత్నమాల మొక్కను పరీక్షగా చూసి, "ఇది బతికేటట్టు లేదాంటీ" అనేసింది. పచ్చని మొక్కను పట్టుకుని అంత మాట అంటుందా! రత్నమాల తలుపు ధడాలున వేసుకుంది. ఆ పిల్ల కోసం మళ్లీ తియ్యలేదు.

చిత్రమేమిటంటే, మొక్క నిజంగానే నీరసిస్తోంది. ఎన్ని నీళ్లు పోసినా మధ్యాహ్నానికల్లా ఆకులు వేలాడేస్తోంది. రత్నమాలకు అన్నం సయించడం లేదు. ఆయనకు పేపరు, కూతురికి లాప్‌టాప్. పొద్దస్తమానం తను చెప్పే కబుర్లన్నీ వినేది ఆ అరటి ఒక్కటే. అదీ పోతే ఇక తను ఎవరితో మాట్లాడాలి?

"పద, వెళ్లి అడిగేద్దాం," అన్నాడు యజ్ఞనారాయణ.

"అయ్యో, చేసినవాళ్లతో మాట కలిపితే ఇంకా తగులుకుంటుందట. ఎవరు పంపితే వాళ్లకే పంపెయ్యాలి."

"వాళ్లు చర్చికి వెళ్లేవాళ్లే. వాళ్లకి అమావాస్యతో పనేంటి?"

"ముందు మీరు వెళ్లి నోరు కడుక్కోండి."

రత్నమాల చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుంది. పొడినీ బంతి మొక్కల్నీ చేటలోకి ఎత్తింది. ఎదురింటి కుండీలో, మళ్లీ పైకి లేవకుండా మట్టి లోపలికంటా కుక్కి, పైన చెంబుడు నీళ్లు కుమ్మరించింది. ఇంట్లోకి వచ్చి తలారా స్నానం చేసింది.

వారం తిరక్కుండానే మళ్లీ అదే పొడి, అవే పూలు. ఆ తర్వాత ఒక పొద్దున ఆవిడ తలుపు కన్నంలోంచి కాపు కాసింది. నైట్ డ్యూటీ దిగి వచ్చిన లీదియా, భుజాన బ్యాగు కూడా దించకుండా, వంగి రత్నమాల కుండీలో పొడి పోస్తోంది!

"కళ్లారా చూశానండీ!" అని మొగుణ్ని గిల్లి లేపింది. లీదియా లోపలికి పోగానే చేట తీసింది. ఇక అదో వరస అయిపోయింది. ఆ పిల్ల పెట్టడం, ఈవిడ తీసుకెళ్లి ఆ పిల్ల కుండీలోనే పాతెయ్యడం.

వానలు పడేసరికి ఎదురింటి అరటి ఏపుగా లేచింది. ఆకులు విచ్చుకుని, నడుమ గులాబీరంగు పువ్వు తొంగిచూసింది. రత్నమాల కుండీలో మిగిలింది ఒంటి ఆకు. దాన్ని చూస్తే ఆవిడకు దుఃఖం ఆగలేదు. తగులుకుంటే తగులుకోనీ అనుకుని, చరచరా వెళ్లి ఎదురింటి బెల్లు కొట్టింది.

"ఏమ్మా, నా మొక్క నీకేం అపకారం చేసింది? దాని ఉసురు ఎందుకు పోసుకుంటావు?"

లీదియా బిత్తరపోలేదు. ఆవిడ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. "ఉసురు పోనిస్తనా ఆంటీ! ఇగో, ఇయ్యాలనే ఇంకో సంచి దొరికింది." గుమ్మం వెనక నుంచి బస్తా ఒకటి ముందుకు లాగింది. గుప్పుమని చేదు వాసన వచ్చింది.

"ఏంటిది?"

"వేపపిండి. మా చెట్టు కూడా మీ లెక్కనే వాడిపోతుంటే తవ్వి చూసిన. వేళ్ల నిండ ముడులే. నులిపురుగులు పట్టి నీళ్లు పైకి పోనిస్తలేవంట. వేపపిండి ఏసి, బంతిచెట్లు మట్టిల కలిపితే అవి లొంగుతయన్నరు నర్సరీల. మీ చెట్టు మొవ్వు ఇంకా పచ్చగనే ఉంది, జర ఓపిక పట్టున్రి, అది కూడా లేస్తది."

రత్నమాల వంగి బస్తాలోని నల్లటి పొడిని చూసింది. "మరి... ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా అమ్మా?"

"మీరు తలుపు తీస్తెనే కద! అందుకే సప్పుడు చెయ్యకుంట పెట్టిపోయిన. అయినా ఆంటీ, ఉన్న ఒక్క సంచి ముందు మీ చెట్టుకే ఏద్దామని పెడితే, పెట్టినప్పుడల్ల మీరు దాన్ని తీసి మా కుండీల లోతుగ పెట్టి, నీళ్లు కూడా పోసిన్రు," అంటూ లీదియా కళ్లు తుడుచుకుంది. "తలుపు సందుల నుంచి అంత చూసిన. సొంత అమ్మ కూడా గిట్ల చెయ్యదు!"