మూరెడు బోర్డు

"ఆ బోర్డు దించెయ్యవయ్యా మార్కూ. మనది సోడా కొట్టు కాదు" అన్నాడు శ్రీమన్నారాయణ.

హైకోర్టు గుంటూరు వదిలి హైదరాబాదు వెళ్ళిపోయి నాలుగేళ్ళయింది. హైకోర్టు పోయినా పరువు పోకూడదని బార్ అసోసియేషన్ కార్యదర్శిగా ఆయన పట్టుదల. వకీలన్నవాడు తన గొప్ప తాను చాటుకోకూడదు, పేరు పలక జానెడు మించకూడదు. కుర్ర వకీలు మార్కు పెట్టింది మూరెడు.

"దించుతానండి. కేసుల్లేవు. నెలాఖరుకి నల్లకోటూ దించేసి ప్రత్తిపాడు బళ్ళో పంతులుగా చేరిపోతాను."

శ్రీమన్నారాయణకి జాలేసింది. అయినా నియమం నియమమే.

మర్నాడు వాయిదాలకొచ్చిన మిరప రైతులతో కోర్టు వరండా కిటకిటలాడుతోంది. సొట్ట క్యారేజీ చేతబట్టుకుని ఒక ముసలామె అసోసియేషన్ గది గుమ్మంలో నిలబడింది.

"అయ్యా, వకీళ్ళ పెద్ద మీరేనా? నా పేరు పుల్లమ్మ. మార్కు వకీలు మీద ఫిర్యాదు."

"లోపలికొచ్చి చెప్పమ్మా."

"ఇక్కడే చెబుతా. మా మామ నాటి గట్టు తగాదా అయ్యా. నిక్షేపంలా నడుస్తోంది. దాన్ని ఈయన ఒక్క వాయిదాకే రాజీ చేసి తెగ్గొట్టేశాడు. ఇదేం వకీలు? ఇక నాకు గుంటూరొచ్చే పనేముంది?"

వరండా అంతా గొల్లుమంది.

"ఒక్క వాయిదాకేనా? ఎక్కడుంటాడాయన?" అన్నాడో రైతు.

"అదుగో, ఆ చివరి గది. తిండీ తిప్పలూ లేకుండా పుస్తకాలు ముందేసుక్కూర్చుంటాడు."

శ్రీమన్నారాయణ నవ్వాపుకోలేక, "అది నేరం కాదమ్మా" అని పంపేశాడు.

నెలాఖరుకి మార్కు గది ముందు చెప్పుల గుట్ట పడింది. కోటు దిగలేదు.

కార్యదర్శిని మాత్రం ఒక అనుమానం తొలిచేస్తోంది. ఏ గుమాస్తాని అడిగినా పుల్లమ్మ ఎవరో తెలియదన్నాడు. అసలా గట్టు తగాదా ఏ కోర్టులోనూ లేదు. కిట్టని వకీలెవరో మార్కుని అల్లరి చెయ్యబోతే అది బెడిసికొట్టిందా?

ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం చివరి గదికి వెళ్ళాడు. మార్కు అన్నం తింటున్నాడు.

"నిజం చెప్పవయ్యా. ఆ పుల్లమ్మని ఎవరు పంపారు? వకీలే అయితే సంఘం ఊరుకోదు."

మార్కు ముద్ద మింగి, సొట్ట క్యారేజీకి మూత పెట్టాడు.

"ఎవరూ పంపలేదండి. మీరు బోర్డు దించమన్నారని ఇంట్లో చెప్పాను, అంతే."

"ఇంట్లో చెబితే ఆవిడకెలా తెలిసింది?"

మార్కు తల దించుకున్నాడు.

"ఆవిడ మా అమ్మండి."